ఉమ్మడి తోటలో తేనె పెట్టె నుంచి గుంపు లేచిపోయింది, మిగిలిన ఈగలను ఏం చేయాలి?

మడిగట్టు
పదిహేడు కుటుంబాలు మడులుగా పంచుకొని కాయగూరలు పండించుకొనే ఉమ్మడి తోటలో నాకొక మడి ఉంది. దాని మూలన రెండేళ్లుగా రెండు తేనె పెట్టెలు పెట్టుకున్నాను. మొన్న ఆదివారం మధ్యాహ్నం, నేను అక్కడ లేని సమయంలో, ఒక పెట్టెలోంచి గుంపు లేచి మూడు మడుల అవతలి పండ్ల చెట్టు కొమ్మకు గుమ్మడికాయంత ముద్దగా వేలాడిందట. ఆ చెట్టు కింద పిల్లలు ఆడుకుంటున్నారు. ఈగలు ఎవరినీ కుట్టలేదు గానీ, ఆకాశం నిండా ఆ ఝుంకారం విని అందరూ హడలిపోయారు. కబురు అంది నేను వెళ్లేసరికి గుంపు మళ్లీ లేచి ఎటో వెళ్లిపోయింది. వచ్చే నెల సమావేశంలో పెట్టెలు తీసేయించే తీర్మానం పెడతామని కొందరు అంటున్నారు.

నాకు అంతుపట్టని విషయం ఒకటుంది. రెండు వారాల క్రితమే పైన తేనె గది, అంటే తేనె నింపుకొనే ఇంకో అర, వేశాను కాబట్టి చోటు చాలక వెళ్లాయని అనుకోలేకపోతున్నాను. ఈ రోజు బుధవారం, పెట్టె తెరిచి చూస్తే చట్రాల అడుగు అంచున కొత్త రాణులు పెరిగే రాణి గదులు పదకొండు కనిపించాయి. మళ్లీ గుంపు లేవకుండా వాటన్నిటినీ తుంచేయాలని అనిపిస్తోంది. చేయవచ్చా?

పాతపెట్టె
ఆ పని మాత్రం చేయకండి. పాత రాణి ఆదివారమే గుంపుతో వెళ్లిపోయింది. ఆ పదకొండు గదులూ తుంచితే, లోపల ఇంకా మిగిలిన గుడ్ల నుంచీ లేత పిల్లపురుగుల నుంచీ ఈగలు అత్యవసరంగా మళ్లీ రాణి గదులు కడతాయి. అదృష్టం బాగుండి అలా జరిగితే సరే, అవి కూడా మీ చేతికి చిక్కితే పెట్టె రాణి లేనిదైపోతుంది. మూడు రోజులు దాటిన పిల్లపురుగు నుంచి మంచి రాణి రాదు. నేను ఈగలు పెంచడం మొదలుపెట్టిన రెండో వసంతంలో సరిగ్గా ఇలాగే భయపడి అన్నీ తుంచేశాను. నెలన్నర తర్వాత కూలి ఈగలే గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి. జత కట్టని ఈగ పెట్టిన గుడ్డు నుంచి పోతుటీగ (మగ ఈగ) తప్ప మరొకటి రాదు కాబట్టి, నా కళ్లముందే ఆ పెట్టె క్రమంగా క్షీణించి ఖాళీ అయింది.

కొత్తచట్రం
చోటు ఉండగా కూడా ఎందుకు వెళ్తాయన్నది నాకూ తెలుసుకోవాలని ఉంది. నేను చదివిన చోటల్లా ఇరుకే కారణమని రాశారు.

పాతపెట్టె
ఇరుకే కారణం, కానీ ఎక్కడి ఇరుకు అన్నది చూడాలి. మడిగట్టు గారు పైన వేసిన తేనె గదిలో కట్టిన తెట్టెలు ఉన్నాయా, లేక ఉత్త మైనపు పునాది రేకులా?

మడిగట్టు
అన్నీ కొత్త పునాది రేకులే. వాటి కింద, రాణిని పైకి రానివ్వని రాణి జల్లెడ కూడా ఉంది.

పాతపెట్టె
కారణం అక్కడే ఉందని నా అభిప్రాయం. జల్లెడ పైన రేకులు మాత్రమే ఉంటే, ఈగల లెక్కలో అది ఇంకా గది కాదు. తెట్టె కట్టుకొనేదాకా అందులో తేనె దాచడానికి వీలుండదు. ఈలోగా పూత ముంచుకొచ్చి మకరందం వరదలా వస్తే, దాన్ని రాణి గుడ్లు పెట్టాల్సిన కింది గదుల్లోనే నింపేస్తాయి. వసంతంలో మంచి రాణి రోజుకు వెయ్యిన్నర గుడ్ల దాకా పెడుతుంది. ఆమెకు గదులు దొరకవు, కొత్తగా పుట్టిన దాది ఈగలకు మేపడానికి పిల్లలు దొరకవు, గుంపు నడుమ కదలడానికి చోటు దొరకదు. రాణి ఒంటి నుంచి వచ్చే వాసన పదార్థం ఒకరి నుంచి ఒకరికి అందుతూ పెట్టె అంతా పాకాలి. ఈగలు కిక్కిరిసిన చోట అది అందరికీ చాలినంత అందదు. అప్పుడు అవి రాణి గదులు మొదలుపెడతాయి. తేనె గదిలో రెండు మూడు కట్టిన తెట్టెలైనా కలిపి, పూతకు వారం ముందే వేసి ఉంటే బాగుండేది.

పుప్పొడిసంచి
దానికి తోడు ఆ రాణి వయసెంతో చెప్పలేదు. రెండో ఏడు దాటిన రాణి ఉన్న పెట్టె తొలి ఏడాది రాణి ఉన్న పెట్టె కంటే చాలా ఎక్కువగా లేస్తుంది. నా ఆరు పెట్టెల్లో ప్రతి వసంతం కలవరపెట్టేవి ముసలి రాణులవే.

మడిగట్టు
మూడో ఏడు నడుస్తున్న రాణి. నేనే ఆమెను మార్చలేకపోయాను, ఎందుకంటే చాలా నెమ్మదైన ఈగలు.

గాలివాటం
అందరూ గుంపు లేవడాన్ని జబ్బులా మాట్లాడుతున్నారు. అది తేనెటీగల సంతానం. ఒక ఈగ ఇంకో ఈగను కనడం కాదు, ఒక కాపురం రెండు కాపురాలు కావడం. లక్షల ఏళ్లుగా అవి చేస్తున్న పనిని మన సౌకర్యం కోసం ఆపడం నాకు నచ్చదు. నేను నా ఈగలను లేవనిస్తాను.

పుప్పొడిసంచి
మీ పెట్టెలు ఎక్కడున్నాయో నాకు తెలియదు గానీ, ఉమ్మడి తోటలో ఆ మాట చెల్లదు. అడవి అంచున లేచిన గుంపు చెట్టు తొర్రలో చేరుతుంది. ఇళ్ల మధ్య లేచింది ఎవరి పొగగొట్టంలోకో, పైకప్పు సందులోకో చేరుతుంది. ఆ ఇంటివాళ్లు మందు కొట్టి చంపిస్తారు. కొత్త గూటికి చేరిన గుంపులు కూడా ఎక్కువ భాగం బతకవు. న్యూయార్క్ రాష్ట్రంలో చెట్లలో కాపురమున్న ఈగలను పరిశీలించిన థామస్ సీలీ, కొత్త గుంపుల్లో సుమారు నాలుగో వంతు మాత్రమే తొలి చలికాలం దాటతాయని గమనించారు. లేవనివ్వడమే దయ అని నేను అనుకోలేను.

గాలివాటం
నాలుగో వంతు అన్నది నాకూ తెలుసు. ప్రకృతిలో ఎంపిక అలాగే జరుగుతుంది. అయినా ఇళ్ల మధ్య అన్న మీ అభ్యంతరాన్ని ఒప్పుకుంటున్నాను. నా పెట్టెలకు చుట్టూ కిలోమీటరు దూరంలో ఇల్లు లేదు, ఆ తేడాను నేను ముందే చెప్పి ఉండాల్సింది.

తులసికోట
నేను తేనెటీగలు పెంచను. ఇలాంటి మరో ఉమ్మడి తోటలో మాకొక మడి ఉంది. మా అబ్బాయికి తేనెటీగ కుడితే ఊపిరి అందదు, ఎప్పుడూ అడ్రినలిన్ సూది వెంట ఉంచుకుంటాము. మీరు ఈగల గురించి ఎంత ప్రేమగా మాట్లాడుకుంటున్నారో చదువుతుంటే బాగుంది, కానీ ఆ చెట్టు కింద ఉన్న పిల్లల్లో మావాడు ఉండి ఉంటే అన్న ఆలోచన నన్ను వదలడం లేదు. గుంపుగా వేలాడుతున్నప్పుడు కుట్టవని చెబుతారు. అది ఎంతవరకు నిజం?

జీవశాస్త్రం_బడి
చాలావరకు నిజమే, పూర్తిగా కాదు. లేచే ముందు ఈగలు పెట్టెలోని తేనెను కడుపునిండా తాగి బయలుదేరుతాయి. కొమ్మ మీద ఉన్నప్పుడు వాటికి కాపాడుకోవడానికి పిల్లలూ లేరు, నిల్వ తేనే లేదు. అందుకే తొలి రోజు అవి సాధారణంగా శాంతంగా ఉంటాయి. కానీ వాన పట్టి రెండు మూడు రోజులు అక్కడే ఉండిపోతే కడుపులో తేనె అయిపోయి చిరాకు పడతాయి. కొమ్మ ఊపినా, నీళ్లు చల్లినా, రాయి విసిరినా కుడతాయి. ఒక ఈగ కుట్టిన చోట అరటిపండు లాంటి వాసన వస్తుంది. అది మిగతావాటికి ప్రమాద సంకేతం కాబట్టి అక్కడి నుంచి తక్షణం దూరంగా నడిచి వెళ్లాలి. ముల్లు ఎలా తీయాలన్న దానికన్నా ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యం, ఎందుకంటే విడిపోయిన ముల్లుతో పాటు ఉన్న విషపు సంచి విషాన్ని ఇంకా లోపలికి తోస్తూనే ఉంటుంది. మీ అబ్బాయి లాంటివారి విషయంలో ఆలస్యం చేయకుండా ముందు అడ్రినలిన్, ఆ వెంటనే అత్యవసర వైద్యం, ఈ క్రమం తోటలో అందరికీ తెలిసి ఉండాలి.

ఆ గుంపు అంతసేపు కొమ్మ మీద ఏం చేస్తోందో తెలిస్తే భయం కొంత తగ్గుతుందని నా నమ్మకం. అది దారి తప్పి ఆగలేదు, ఇల్లు వెతుక్కుంటోంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొన్నేళ్లకు మ్యూనిచ్‌లో మార్టిన్ లిండావర్ ఒక గుంపును గమనిస్తూ, దాని మీద నాట్యం చేస్తున్న ఈగల్లో కొన్నిటి ఒంటికి మసి, కొన్నిటికి ఇటుక పొడి అంటుకొని ఉండటం చూశారు. తిండి తెచ్చే ఈగల ఒంటికి అవి అంటవు. శిథిలాల్లోని పొగగొట్టాలనూ గోడల సందులనూ చూసి వచ్చిన వేగుల ఈగలు అవని ఆయన తేల్చారు. తేనెటీగల నాట్యాన్ని మొదట చదివి చూపి 1973లో నోబెల్ పొందిన కార్ల్ ఫన్ ఫ్రిష్‌కు ఆయన శిష్యుడు. ఒక్కో వేగు తాను చూసిన చోటును నాట్యంతో చెబుతుంది, బాగున్న చోటుకు ఎక్కువసేపు నాట్యం చేస్తుంది, దాన్ని చూసి మరికొన్ని వెళ్లి సొంతంగా పరీక్షించి వస్తాయి. ఒక చోట చాలినన్ని వేగులు పోగుపడగానే ఒంటి కండరాలను వేడెక్కించుకొని గుంపంతా ఒక్కసారిగా లేస్తుంది. అందుకే మడిగట్టు గారు వెళ్లేసరికి అది అక్కడ లేదు. ఇది కొన్ని గంటల్లో ముగియవచ్చు, రెండు మూడు రోజులు పట్టవచ్చు. ఆ సమయంలో కింద ఉన్నవాళ్లు చేయాల్సిన పని దూరంగా ఉండి, పెట్టె యజమానికి ఫోన్ చేయడమే.

తులసికోట
ఇంత వివరంగా చెప్పినందుకు మేలు. అయినా నా ప్రశ్న మిగిలే ఉంది. యజమాని ఊళ్లో లేకపోతే ఎవరికి ఫోన్ చేయాలి?

మడిగట్టు
న్యాయమైన ప్రశ్న. ఆ రోజు నా ఫోన్ నంబరు ఇద్దరి దగ్గర మాత్రమే ఉంది. ఈ మాట రాయడానికి నాకు బాధగా ఉంది.

మైనపువత్తి
ఉమ్మడి తోటలో పద్నాలుగేళ్లుగా పెట్టెలు నడిపిన అనుభవంతో చెబుతున్నాను, తీర్మానాలు తెచ్చేది గుంపులు ఒక్కటే కాదు, రోజువారీ చిన్న ఇబ్బందులు కూడా. మొదటిది నీళ్లు. ఈగలు వసంతంలో పిల్లల మేతను పలచన చేయడానికి నీళ్లు తెచ్చుకుంటాయి. ఒకసారి పక్కవాళ్ల తొట్టికి అలవాటు పడితే అక్కడి నుంచి మళ్లించడం చాలా కష్టం. అందువల్ల అవి బయట తిరగడం మొదలుపెట్టక ముందే, పెట్టెకు కొంత దూరంలో ఎండ తగిలేచోట గులకరాళ్లు వేసిన వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పెట్టి, ఒక్కరోజు కూడా ఎండనివ్వకూడదు. రెండోది దారి. పెట్టె వాకిలి ఎదుట రెండు మీటర్ల ఎత్తు తడికో, పొదల వరుసో ఉంటే ఈగలు మనుషుల తలల పైకి లేచి వెళ్తాయి. వాకిలి నడకదారి వైపు ఉంటే అక్కడ కలుపు తీసే ప్రతి మనిషికీ తగులుతాయి. మూడోది సమయం. పక్క మడిలో మనుషులు పనిచేస్తుండగా పెట్టె తెరవకూడదు. నేను తెరిచే రోజును ముందే పలక మీద రాసి పెడతాను.

పుప్పొడిసంచి
మైనపువత్తి గారు చెప్పినవాటికి ఒకటి కలుపుతాను. ఒంటరిగా పెంచకూడదు. తోటలో మరొకరికి పొగ డబ్బా వెలిగించడం, గుంపును అట్టపెట్టెలోకి దులపడం నేర్పాలి.

కొత్తచట్రం
రాణి రెక్క కొస కత్తిరిస్తే గుంపు వెళ్లలేదు కదా? ఉమ్మడి తోటల్లో అది తప్పనిసరి చేస్తే సరిపోతుందేమో.

గాలివాటం
రాణిని కుంటిదాన్ని చేసి ఉంచడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

పాతపెట్టె
రెక్కలో నొప్పి తెలిసే భాగాన్ని ఎవరూ కత్తిరించరు, అయినా మీ మనసును నేను గౌరవిస్తాను. అసలు విషయం ఏమిటంటే, అది గుంపును ఆపదు, కొన్ని రోజుల గడువు ఇస్తుంది. గుంపు లేస్తుంది, ఎగరలేని రాణి పెట్టె ముందు గడ్డిలో పడుతుంది, రాణి లేదని తెలిసి గుంపు వెనక్కి వస్తుంది. తర్వాత మొదటి కన్నె రాణి పుట్టగానే దానితో లేచిపోతుంది. వారానికోసారి పెట్టె చూడని మనిషికి రెక్క కత్తిరింపు ఏ మేలూ చేయదు.

కొత్తచట్రం
వారమే ఎందుకు?

పాతపెట్టె
రాణి గుడ్డు పెట్టిన మూడో రోజుకు పిల్లపురుగు బయటికొస్తుంది, ఎనిమిదో రోజు ప్రాంతంలో గదికి మైనపు మూత పడుతుంది, పదహారో రోజుకు రాణి పుడుతుంది. కూలి ఈగకు ఇరవై ఒకటి, పోతుటీగకు ఇరవై నాలుగు రోజులు. సాధారణంగా మొదటి గదికి మూత పడే వేళకు పాత రాణి గుంపుతో బయలుదేరుతుంది. ఏడు రోజులకోసారి చట్రాలు తిరగేస్తే, మూత పడకముందే గది మన కంట పడుతుంది. అడుగున ఖాళీ గిన్నెల్లాంటివి ఉంటే కంగారు వద్దు, అవి ఎప్పుడూ కడుతుంటాయి. గిన్నెలో గుడ్డో, తెల్లని పాలలాంటి మేతలో తేలే పురుగో కనిపించిందంటే ఈగలు నిర్ణయానికి వచ్చేసినట్టే. ఆ దశలో గదులు తుంచుతూ కూర్చోవడం వృథా శ్రమ, ఒక్కటి దాక్కున్నా అవి వెళ్లిపోతాయి. అప్పుడు పెట్టెను మనమే విడదీయాలి.

మడిగట్టు
విడదీయడం ఎలాగో తర్వాత అడుగుతాను, రెండో పెట్టె ఇంకా ఉంది. ముందు ఈ పదకొండు గదుల సంగతి చెప్పండి.

పాతపెట్టె
మూత పడని ఒక గదిని ఎంచుకోండి. లోపల పాలలో బతికి ఉన్న పురుగు కనపడాలి. మూసిన గదిలో ఏముందో, ఎన్ని రోజులదో మనకు తెలియదు. ఆ చట్రానికి పైన ఒక గుండుసూది గుచ్చి గుర్తు పెట్టండి, దాన్ని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ దులపకండి. మిగతా అన్ని చట్రాల ఈగలను పెట్టెలోకి దులిపి, తెట్టె ముఖం శుభ్రంగా కనిపించేలా చేసి, మిగతా గదులు తీసేయండి. వచ్చే మంగళవారం మళ్లీ చూసి, ఈలోగా అత్యవసరంగా కట్టిన వాటినీ తీసేయండి. ఆ తర్వాత మూడు వారాలు తెరవకండి.

పుప్పొడిసంచి
నేనైతే రెండు గదులు ఉంచుతాను. ఒక్కదానిలో పురుగు చచ్చిపోతే మొత్తం పోతుంది.

పాతపెట్టె
పొలంలో అయితే నేనూ రెండు ఉంచుతాను. ఇక్కడ రెండు ఉంచితే మొదట పుట్టిన కన్నె రాణి రెండో గుంపుతో లేచిపోయే ప్రమాదం ఉంది. పిల్లలు ఆడుకొనే తోటలో నెల తిరక్కుండా ఇంకో గుంపు లేస్తే ఆ తీర్మానాన్ని ఎవరూ ఆపలేరు. ఒక గది చాలు, విఫలమైతే రెండో పెట్టె నుంచి గుడ్లున్న చట్రం ఒకటి ఇవ్వవచ్చు.

మడిగట్టు
సోమవారం రాత్రి రాస్తున్నాను. చెప్పినట్టే చేసి ఒక గది ఉంచాను, రేపు మళ్లీ చూడాలి. సాయంత్రం పెట్టెకు చెవి ఆనించి వింటే, సన్నని బూర ఊదినట్టు ఒక దీర్ఘమైన మోత, దాని వెనుక పొట్టి పొట్టి మోతలు వినిపించాయి. అది ఆగగానే ఇంకెక్కడి నుంచో బొంగురుగా జవాబు లాంటిది వచ్చింది. నేను గుర్తుపెట్టిన గదిలోంచి అప్పుడే రాణి పుట్టే సమయం కాలేదు కదా?

జీవశాస్త్రం_బడి
పుట్టిన కన్నె రాణి బూర ఊదుతుంది, గదుల్లో పక్వమై ఇంకా బయటికి రాని రాణులు బొంగురుగా బదులిస్తాయి. అంటే మూసిన గదులు కనీసం రెండు మీ కంటపడకుండా ఉండిపోయాయి. ఒకదాని రాణి బయటికొచ్చింది, మరొకటి లోపల కాచుకొని ఉంది. కూలి ఈగలు ఆ రెండో గదిని కావాలనే మూసి ఉంచుతున్నాయి.

పాతపెట్టె
రేపు ఎండ ఎక్కక ముందే తెరవండి. బయట ఒక రాణి ఉందని తేలింది కాబట్టి ఇప్పుడు ఏ గదీ అవసరం లేదు. అన్ని చట్రాలూ, గుర్తుపెట్టినదానితో సహా, వెతికి ఉన్నవన్నీ తీసేయండి. ఆలస్యమైతే రేపు మధ్యాహ్నానికే రెండో గుంపు లేవవచ్చు.

మడిగట్టు
పొద్దున ఏడున్నరకు తెరిచాను. చివరి చట్రం పక్క మూలలో, మైనపు కట్టు వెనుక, మూసిన గది ఒకటి దొరికింది. దాని పక్కనే కొసన గుండ్రంగా మూత తెరుచుకొన్న ఖాళీ గది ఉంది. మూసినదాన్నీ నేను ఉంచినదాన్నీ రెంటినీ తీసేశాను. ఆ రెండు రాణుల ప్రాణం తీయడం నాకు సులువుగా లేదు. మధ్యాహ్నం నాలుగు దాకా అక్కడే కూర్చున్నాను, గుంపు లేవలేదు.

తులసికోట
ఆ రోజంతా అక్కడే కూర్చున్నారా?

మడిగట్టు
అవునండి. పలక మీద నా నంబరూ, మైనపువత్తి గారు చెప్పినట్టు పెట్టె తెరిచే రోజులూ, మీకు జీవశాస్త్రం_బడి గారు చెప్పిన అత్యవసర క్రమమూ రాసి తగిలించాను. పక్క మడి ఆవిడ ఒకరు ముసుగు వేసుకొని నాతో పాటు చూస్తానన్నారు.

ఇప్పుడు రెండో పెట్టె గురించి. దానిలో రెండు గిన్నెల్లో గుడ్లు కనిపించాయి.

పాతపెట్టె
ఇంకా కొన్ని రోజుల సమయం ఉంది, సరైన వేళకు చూశారు. పెట్టెను విడదీసే పాగ్డెన్ పద్ధతి చేయండి. పాత పెట్టెను మీటరు పైగా పక్కకు జరిపి, దాని చోటులో కొత్త పెట్టె పెట్టండి. పాత రాణిని, రాణి గదులు లేని ఒక పిల్లల చట్రంతో సహా కొత్తదానిలో ఉంచి, మిగతా చోట పునాది రేకులు నింపండి. బయట తిరిగే ఈగలు అలవాటైన చోటుకే వస్తాయి కాబట్టి, గుంపుగా లేచి కొత్త ఇంటికి చేరినట్టే రాణికీ వాటికీ అనిపిస్తుంది. వారం తర్వాత పాత పెట్టెను కొత్తదాని రెండో వైపుకు మార్చితే, ఆ వారంలో బయట తిరగడం మొదలుపెట్టిన ఈగలు కూడా కొత్త పెట్టెలో చేరతాయి. పాతదానిలో రెండో గుంపు లేవడానికి బలం మిగలదు. ఒక గదే ఉంచాలన్న మాట మరవకండి.

మైనపువత్తి
మీ మడిలో మూడో పెట్టెకు చోటు, దానికి తోట సమ్మతి ఉన్నాయా? లేకపోతే 1892లో జార్జ్ డెమరీ వివరించిన పద్ధతి నయం. రాణిని కింది గదిలో ఒక చట్రంతో ఉంచి, జల్లెడ వేసి, తేనె గది పైన పిల్లల చట్రాలన్నీ పెట్టడమే. ఒకే పెట్టె నిలువుగా పెరుగుతుంది. వారానికి పై అంతస్తులో కట్టిన రాణి గదులు తీసేయాలి. బరువులు ఎత్తగలిగితే అది ఉమ్మడి తోటకు అనువైనది.

మడిగట్టు
రెండే పెట్టెలకు అనుమతి ఉంది, కాబట్టి డెమరీ పద్ధతే చేస్తాను.

మడిగట్టు
గుంపు లేచి నేటికి ఇరవై ఏడు రోజులు. మొదటి పెట్టె తెరిచాను. నడిమి తెట్టెలో ఒక్కో గదికి ఒక్కో గుడ్డు, అడుగున నిలువుగా నిలబడి ఉన్నాయి. కొన్నిటిలో చిన్న పురుగులు కూడా ఉన్నాయి. రెండో పెట్టె లేవలేదు. నిన్నటి సమావేశంలో తీర్మానాన్ని వచ్చే వసంతం దాకా వాయిదా వేశారు. మధ్య కాలంలో వాకిలి ఎదుట తడిక కట్టాలని, వసంతమంతా వారానికోసారి పెట్టెలు చూసిన తేదీ పలక మీద రాయాలని షరతు పెట్టారు. రెంటికీ ఒప్పుకున్నాను.

తులసికోట
మా తోటలో కూడా ఒకరు పెట్టె పెట్టాలని అడుగుతున్నారు. ఇన్నాళ్లూ వద్దనే అన్నాను. ఈ రెండు షరతులూ, ఇంకొక మనిషికి నేర్పాలన్న పుప్పొడిసంచి గారి మాటా రాసి ఇస్తే మాట్లాడటానికి ఒప్పుకుంటానని చెప్పాను. పెట్టె మా మడికి ఎంత దూరంలో ఉండాలంటారు?

మైనపువత్తి
తోటలో మీ మడికి అన్నిటికన్నా దూరంగా ఉన్న మూలను వారిని అడగండి, వాకిలి మీకు వీపు తిప్పి ఉండాలి. తడిక పెట్టెకన్నా ముందు లేవాలని కూడా రాయించుకోండి.